ఓవెన్ లేని ఇళ్ళకూ ఒక క్రిస్మస్ పేజీ వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వేసిన క్రిస్మస్ వంటల పేజీ గురించి ఈ ఉత్తరం. బొమ్మలు బాగున్నాయి. పోయినేడు సరిగ్గా 24వ తేదీన వేసి ఊరించారు, ఈసారి నెల మొదట్లోనే వేశారు, సంతోషం. కానీ పేజీలో ఉన్న వంటలన్నిటికీ మొదటి మాట ఒకటే: ఓవెన్‌ను 180 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడి చేసి పెట్టుకోవాలి. సార్, మా వీధిలో ఓవెన్ ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. పైవాటాలో ఉండే టీచరమ్మ దగ్గర మైక్రోవేవ్ ఉంది కానీ, అందులో ఆమె పాలు కాచుకోవడం తప్ప ఇంకోటి చెయ్యగా నేను చూడలేదు. ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్ కొందామంటే కొనేదానికి ఒక లెక్క, గంట సేపు ఆడిస్తే ఒకటిన్నర, రెండు యూనిట్ల కరెంటు కాలుతుంది, అది ఇంకో లెక్క. ఏడాదికి ఒక్క కేకు కోసం అంత ఎవరు పెడతారు?

కుక్కర్లో అడుగున ఉప్పు పోసి కేకు చేసుకోవచ్చు కదా అంటారేమో. చేసుకోవచ్చు. ముప్పావు గంటకు పైగా సన్నమంట మీద పెట్టి, మాడు వాసన వస్తుందేమోనని ముక్కు అక్కడే పెట్టుకుని కూర్చునే తీరిక ఉన్నవాళ్ళు చేసుకోవచ్చు. నాకు లేదు.

నేను అనంతపురం పాతూరులో లేడీస్ టైలర్‌ని. డిసెంబరు మా పనివాళ్ళకు ఎలాంటి నెలో కుట్టించుకునేవాళ్ళకు తెలియదు. క్రిస్మస్ బట్టలు అయ్యీ కాకముందే సంక్రాంతి బట్టలు వచ్చి పడతాయి. చర్చికి కట్టుకునే తెల్ల చీరలకు తెల్ల జాకెట్లు, వాటికి లైనింగ్. తెల్లది కాబట్టి మిషన్ నూనె మరక ఒక్కటి పడినా ఇక అంతే. పిల్లల ఫ్రాకులకు నెట్టు, దాని కింద మూడు వరసల కుచ్చులు, వెనకాల బో. 24 రాత్రి ఆరాధనకు అందరూ బయల్దేరే వేళకు కూడా "అక్కా, ఈ హుక్కొక్కటి" అని ఎవరో ఒకరు తలుపు కొడతారు. మా ఆయన ఆటో తోలుతారు. ఆయనకు బేరాలు దొరికేదీ ఆ రోజుల్లోనే. ఇంక ఇంట్లో పిల్లలిద్దరు, ఎనిమిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి. "మన ఇంట్లో పండక్కి ఏం చేస్తున్నారు మా?" అని డిసెంబరు ఒకటో తేదీ నుంచీ ఇద్దరూ నా మిషన్ పక్కనే చేరతారు.

మా అత్తమ్మ కాలంలో ఈ ప్రశ్న లేదు. పండగకు పది రోజుల ముందే బియ్యం నానబోసి, దంచి, జల్లించి, బెల్లం పాకం పట్టి అత్తిరసాలు వత్తేది. తర్వాత కర్జికాయలు, నిప్పట్లు, గులాబీ పువ్వులు. ఆ గులాబీ పువ్వుల అచ్చు ఇప్పటికీ అటకమీద ఉంది. కాగిన నూనెలో అచ్చు బాగా వేడెక్కితేనే పిండి పట్టుకుని, మళ్ళీ నూనెలో ముంచినప్పుడు పువ్వు విడిపోయి పైకి తేలుతుంది. వేడి చాలకపోతే అచ్చుకే అంటుకుని వదలదు. అది చేతికి తెలియాల్సిన పని, పక్కన ఫోన్ మోగుతుంటే చేసేది కాదు. అత్తమ్మకు ఇప్పుడు మణికట్టు నొప్పి. ఆమె చెయ్యలేదు, నాకు టైము లేదు. "పొయ్యి కాడ కూర్చోకుండా పండగేంది?" అని మాత్రం అంటుంది.

నాలుగైదేళ్ళుగా మా ఇంట్లో పండగ తీపి అంతా ఓవెన్ లేకుండా, నూనె బాణలి పెట్టకుండానే అవుతోంది. మీ పాఠకుల్లో నాలాంటి అమ్మలు వేలల్లో ఉంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. పొడవనిపిస్తే కత్తిరించండి, కానీ కొలతలు మాత్రం కత్తిరించొద్దు.

మొదట చెప్పాల్సింది చెనక్కాయలు, అంటే వేరుశెనగలు, ఖర్జూరం కలిపిన ఉండల గురించి. అనంతపురంలో ఉండి చెనక్కాయ లేకుండా పండగేమిటి? అక్టోబరు, నవంబరుల్లో కాయ పీకుతారు, డిసెంబరుకల్లా కొత్త కాయ అంగట్లో ఉంటుంది. మా అన్న సేద్యగాడు, కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కె-6 రకం వేస్తాడు, ఒక సంచి మాకు పంపుతాడు. అమ్మే కొట్లో కొనేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ముందే ఏరి పారేయాలి. బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినంత మాత్రాన అది పోదు. చేదు గింజ ఒక్కటి పడినా ఉండంతా చేదవుతుందని మనవాళ్ళు ఎట్లాగూ ఏరతారు, ఏరడానికి అదొక్కటే కారణం కాదని చెప్తున్నాను.

గింజలు ఒక గ్లాసు తీసుకుని సన్నమంట మీద వేయించాలి. పెద్ద మంట పెడితే పొట్టు మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పొట్టు చిటపటమని పగిలి, ఒక గింజ కొరికితే కరకరమంటే దించేయొచ్చు. ఆరాక పాత టవల్లో మూటగట్టి పిల్లాడి చేతికిస్తే వాడు నేల మీద పెట్టి రుద్దుతాడు, పొట్టంతా ఊడుతుంది. ఊది పొట్టు ఎగరగొట్టడం వాడికి ఆట, తర్వాత ఇల్లు ఊడ్చడం మా అమ్మాయికి శిక్ష. మిక్సీలో గింజల్ని ఆపి ఆపి తిప్పాలి. ఒక్కసారిగా తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది, అప్పుడది చట్నీకి తప్ప దేనికీ పనికిరాదు. బరకగా ఉన్నప్పుడే గింజ తీసిన మెత్తటి ఖర్జూరం ఒక గ్లాసు, రెండు యాలకులు, చిటికెడు ఉప్పు వేసి ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే చాలు. చక్కెర అక్కర్లేదు, బెల్లం అక్కర్లేదు. ఖర్జూరం గట్టిగా ఉంటే పది నిమిషాలు వేడినీళ్ళలో వేసి, తీసి, గుడ్డతో తడి బాగా తుడవాలి. తడి మిగిలితే ఉండలు నిలవుండవు.

ఉండలు చుట్టి ఎండుకొబ్బరి పొడిలో దొర్లిస్తాం. మీ పేజీలో అన్నిటి మీదా మంచు పడినట్టు చక్కెర పొడి చల్లారు కదా, అనంతపురంలో మా పిల్లలకు తెలిసిన మంచు ఈ కొబ్బరి పొడే. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే ఫ్రిజ్ లేకపోయినా వారం నిశ్చింతగా ఉంటాయి. మాకు వారం దాకా ఎప్పుడూ రావనుకోండి.

ఒక జాగ్రత్త. ఐదేళ్ళ లోపు పిల్లలకు చెనక్కాయ గింజ ముక్కలుగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. చిన్నపిల్లలున్న ఇంటికి పంపే ఉండలకు పొడి మెత్తగా చేస్తాను. చెనక్కాయ పడని పిల్లలు కూడా ఉంటారు, అడిగి ఇవ్వడం మంచిది. ఖర్జూరం బదులు తేనె వేసేవాళ్ళు ఏడాది నిండని బిడ్డకు అది నాకించొద్దు, డాక్టర్లు గట్టిగా చెప్తారు.

రెండోది బిస్కెట్ రోల్. ఇది పూర్తిగా పిల్లల పని, నేను మిషన్ మీది నుంచి లేవను. మేరీ బిస్కెట్లు 200 గ్రాములు. సగం ప్లాస్టిక్ కవర్లో వేసి చపాతీ కర్రతో కొట్టి పొడి చేస్తారు, మిగతా సగం చేత్తో చిన్న ముక్కలుగా విరుస్తారు. మొత్తం పొడి చేస్తే రుచి అదే ఉంటుంది కానీ కోసినప్పుడు అందం రాదు. ముక్కలుంటేనే ఒక్కొక్క బిళ్ళ పాత ఇళ్ళలోని మొజాయిక్ గచ్చులా కనిపిస్తుంది. మూడు చెంచాల కోకో పొడి, అర గ్లాసు చక్కెర పొడి కలిపి, కరిగించిన 100 గ్రాముల వెన్న పోయాలి. అంగట్లో దొరికే వెన్న కట్టలో ఉప్పు ఉంటుంది కాబట్టి మళ్ళీ ఉప్పు వేయకూడదు. కాచి చల్లార్చిన పాలు చెంచా చెంచాగా పోస్తూ, చపాతీ పిండిలా ముద్ద కట్టగానే ఆపేయాలి. ఇక్కడే మా వాడు తొందరపడతాడు, అమ్మాయి వాడి చేతిలోంచి పాలగ్లాసు లాక్కుంటుంది, ఇద్దరి కేకలూ మిషన్ చప్పుడు దాటి నాకు వినిపిస్తాయి. ముద్దను బటర్ పేపర్ మీద పెట్టి బొంగులా చుట్టి, రెండు కొనలూ చాక్లెట్ కాగితంలా మెలితిప్పి, ఫ్రిజ్‌లో పై గదిలో మూడు నాలుగు గంటలు పెట్టాలి. కత్తిని వేడినీళ్ళలో ముంచి తుడిచి కోస్తే అంచులు విరగవు. కోసే పని మాత్రం నాది.

దీనికి ఫ్రిజ్ తప్పనిసరి. మా ఫ్రిజ్ చిన్నది, అందుకని ఒక రోల్ పైవాటా టీచరమ్మ గారింట్లో పెడతాం. ఆమె వాటాకు నాలుగు బిళ్ళలు ముందే కోసి ఇచ్చేస్తాం. "పొయ్యి కాడ కూర్చోకుండా పండగేంది" అన్న మా అత్తమ్మకు ఆ బిళ్ళలు ఎన్ని వెళ్తాయో నేను లెక్కపెట్టను.

కొబ్బరి ఉండలు అందరికీ తెలిసినవే. కండెన్స్‌డ్ మిల్క్ 400 గ్రాముల డబ్బా ఒకటి, ఎండుకొబ్బరి పొడి రెండున్నర గ్లాసులు, అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఐదారు నిమిషాలు కలిపితే గిన్నె అంచులు వదులుతుంది, చేతికి నెయ్యి రాసుకుని ఉండలు చుట్టుకోవడమే. పొడి కొనేటప్పుడు ప్యాకెట్ తేదీ చూడండి, విప్పగానే వాసన చూడండి. పాత నూనె వాసన వస్తే తిరిగి ఇచ్చేయండి. పచ్చికొబ్బరితోనూ చేయొచ్చు కానీ అది తొందరగా పాడవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేయాలి.

బొరుగులతో, అంటే మరమరాలతో ఇంకోటి. మామూలుగా మనం బొరుగుల ముద్దలకు బెల్లం పాకం పడతాం. పాకం చుక్క చల్లటి నీళ్ళలో వేసి, గట్టిపడిన ఆ బిళ్ళను పళ్ళెంలో వేస్తే టంగుమనాలి. రుచి దానిదే, కాదనను. కానీ ఉడుకుతున్న పాకం దగ్గరికి పిల్లల్ని రానివ్వలేం, ఆరిందంటే ముద్ద కట్టదు, అంతా ఐదు నిమిషాల పరుగు. అందుకని క్రిస్మస్‌కు బొరుగుల్ని చాక్లెట్‌లో కలుపుతాం. బేకరీ సామాన్ల కొట్లో చాక్లెట్ కాంపౌండ్ బిళ్ళ దొరుకుతుంది. ముక్కలు చేసి గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరిగిన నీళ్ళున్న ఇంకో గిన్నె మీద పెడితే ఆవిరికే కరుగుతుంది. లోపల ఒక్క చుక్క నీళ్ళు పడకూడదు. పడిందా, చాక్లెట్ ఇసుకలా బిగుసుకుపోతుంది. బొరుగులు మెత్తబడి ఉంటే ఉత్త బాణలిలో రెండు నిమిషాలు వేడి చేస్తే కరకరలాడతాయి. ఆరాక కలిపి, చెంచాతో పళ్ళెంలో చిన్న చిన్న కుప్పలు పెట్టి, పైన నాలుగు టూటీఫ్రూటీలు అద్దితే అయిపోయింది.

కాంపౌండ్ అంటే అసలు చాక్లెట్ కాదు, అందులో కోకో వెన్న బదులు వేరే వనస్పతి కొవ్వు వేస్తారు. కవరు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదువుకుని కొనండి. రోజూ తినేది కాదని మా పిల్లలకు చెప్పే పెడతాను. అసలు చాక్లెట్ వాడగలిగితే మేలే కానీ, అందులోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మన ఎండాకాలంలో చేతికి అంటడానికి తప్ప ఉపయోగం లేదు, డిసెంబరులో అయితే నిలబడుతుంది.

ఇవన్నీ చెప్పడానికి తేలికతనం ఒక్కటే కారణం కాదు. వీటిలో దేనిలోనూ గుడ్డు లేదు. మీ పేజీలో ఉన్న కేకుల్లో మూడు గుడ్లు, నాలుగు గుడ్లు. మా వీధిలో పండగ పళ్ళేలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతాయి. రంజాన్‌కు మాకు సేమ్యా వస్తుంది, ఉగాదికి ఓళిగలు వస్తాయి. మరి క్రిస్మస్‌కు మేం కేకు పంపితే, గుడ్డు ముట్టని ఇంటి అవ్వ పళ్ళెం తీసుకుని, మర్యాదకు నవ్వి, మనవడికి పెట్టేది. ఇప్పుడు చెనక్కాయ ఉండ ఆమే తింటుంది, తిని, ఖర్జూరం తగ్గించి వేయమని సలహా కూడా ఇస్తుంది. ఎదురింటాయన డిసెంబరులో అయ్యప్ప మాలలో ఉంటారు, బయట వండినవి ముట్టరు. ఆయనకు విడిగా అరటిపళ్ళు, ఖర్జూరం పంపిస్తాం. మాల తీశాక ఆయనే వచ్చి "నా రోల్ ఏది?" అని అడుగుతారు.

కేకు లేకపోతే క్రిస్మస్ కాదు అనేవాళ్ళకు ఒక సంగతి. మన దేశంలో తొలి క్రిస్మస్ కేకు 1883లో కేరళలోని తలశేరిలో మాంబళ్ళి బాపు అనే బేకరీ యజమాని చేశారని చెప్తారు. మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకు ఒకటి చూపించి, ఇలాంటిది చెయ్యమన్నాడట. బాపు బర్మాలో బిస్కెట్ల పని నేర్చుకున్న మనిషి. దొర చెప్పిన ఫ్రెంచి బ్రాందీ పక్కన పెట్టి, జీడిమామిడి పళ్ళతో, అరటిపళ్ళతో అక్కడ చేసే సారా వేశారట. అచ్చు కూడా అక్కడి కమ్మరి దగ్గరే చేయించారట. ఆయన తన ఊళ్ళో దొరికినవి వేసినప్పుడు నేను నా ఊళ్ళో చెనక్కాయలు, బొరుగులు వేస్తే తక్కువేముంది? ఒక ఏడాది క్రిస్మస్ రోజు మా ఇంటికి వచ్చిన ఒకావిడ "కేకు చెయ్యలేదా, ఈ ఉండలేనా?" అని అడిగింది. ఉండలే అన్నాను. పోతూ పోతూ కవర్లో కట్టించుకుని పోయింది.

మీకు నా విన్నపాలు చిన్నవే. వచ్చే ఆదివారమో, కుదరకపోతే వచ్చే ఏడాదో, ఓవెన్ అక్కర్లేని క్రిస్మస్ తీపి వంటలకు సగం పేజీ ఇవ్వండి. ప్యాకెట్ మీద బరువు రాసి ఉన్నవి సరే, మిగతా కొలతలు గ్లాసుల్లో, చెంచాల్లో చెప్పండి, తూకం మిషన్ మా ఇళ్ళలో ఉండదు. ప్రతి వంట కింద ఫ్రిజ్ కావాలా అక్కర్లేదా, ఎన్ని రోజులు నిలవుంటుంది అని ఒక లైన్ వేయండి. ఏ పని పిల్లల చేత చేయించొచ్చు, ఏది పెద్దవాళ్ళే చెయ్యాలి అనేది కూడా రాస్తే, ఉద్యోగాలకు, కూలి పనులకు, అంగళ్ళకు పోయి వచ్చే అమ్మానాన్నలకు సగం టెన్షన్ తగ్గుతుంది. మా అమ్మాయి పోయినేడు నేను ఇంట్లో లేనప్పుడు కరిగించే పని మొదలుపెట్టబోతే పైవాటా టీచరమ్మ ఆపారు. ఆ ఒక్క లైన్ పేపర్లో ఉంటే పిల్లలు మా మాట కన్నా ఎక్కువ వింటారు.

దొరకని వస్తువులు రాసినప్పుడు వాటి బదులు ఏం వాడాలో కూడా చెప్పండి. మీ పేజీలో క్రాన్‌బెర్రీలు అని ఉంటే సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా కొట్లన్నీ అడిగించాను. ఒకాయన ఎండుద్రాక్ష చూపించి ఇదేనమ్మా అన్నాడు. ఎండుద్రాక్ష అనే రాసి ఉంటే మా ఆయనకు ఆ తిరుగుడు తప్పేది.

ఇంక పేజీ మీద వేసే ఫొటో. దేవదారు చెట్లు, మంచు, పొగ గొట్టాలున్న ఇళ్ళు ప్రతిసారీ చూస్తూనే ఉన్నాం. ఒక్కసారి మన ఇళ్ళలో పళ్ళెం వేయండి. స్టీలు పళ్ళెంలో కొబ్బరి పొడి అద్దిన ఉండలు, పక్కన రోల్ బిళ్ళలు, పైన గుమ్మానికి వేలాడే కాగితం స్టార్. ఫొటో కావాలంటే మా అమ్మాయి తీసి పంపుతుంది. త్వరగా చెప్పండి, పళ్ళెం మధ్యాహ్నం దాకా నిండుగా ఉండదు.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
పాతూరు, అనంతపురం